సత్తెమ్మత్త, లాలి, నేను

సంతకం పెట్టమని గ్రేస్ నా చేతికి పెన్ను అందించినప్పుడు నాకు ముందుగా కలిగింది సంతోషం. దాచుకోవడమెందుకు, ఏదో పందెం గెలిచినట్టే అనిపించింది. గ్రేస్ మా పై వాటాలో అద్దెకుంటున్న రైల్వే జోసెఫ్ గారి కూతురు. పోయిన వానాకాలం లాల్‌దర్వాజాలో మా గల్లీ మోరీ పొంగినప్పుడు అందులో కొట్టుకుపోతున్న కుక్కపిల్లను ఒంగి అందుకున్నది ఆ అమ్మాయే, కాదనను. కాని వేణ్ణీళ్ళు కాచి దాని ఒళ్ళు కడిగింది నేను. దూదితో పాలు పట్టింది నేను. అది పడుకునేది నా వాకిట్లో, తినేది నా గిన్నెలో. నేను దానికి మల్లి అని పేరు పెట్టాను. గ్రేస్ కుకీ అని పెట్టింది. మల్లీ అని నేను పదిసార్లు పిలిస్తే ఒక చెవి కదుపుతుంది. సాయంత్రం గ్రేస్ స్కూటరు చప్పుడు గల్లీ మలుపులో వినిపిస్తే చాలు, గిన్నెలో అన్నం వదిలేసి, తోకతో పాటు నడుమంతా ఊపుకుంటూ ఉరుకుతుంది. టెలిఫోను ఆఫీసులో గుమాస్తాగా ఇన్నేళ్ళు పనిచేసి రిటైరైన మనిషిని, ఒక కుక్క ఎవరి వెంట పడుతున్నదో చూసి మొహం మాడ్చుకుంటున్నానంటే నాకే నవ్వొస్తుంది. కాని సంగతి అదే. అందుకే, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు దాన్ని ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్ళిన రోజు, యజమాని సంతకం అన్న చోటు చూపించి, "మీరే పెట్టుండ్రి ఆంటీ, మీ ఇంట్లనే ఉంటది కదా" అని గ్రేస్ అన్నప్పుడు నాకు అంత సంబరమయింది.

కళ్ళద్దాలు సర్దుకుని, ఆఫీసు అలవాటు కొద్దీ, కాగితమంతా చదివాను. ఈ జంతువు గర్భసంచి తొలగించడానికి నాకు సమ్మతమే అని ఉంది. నా చెయ్యి అక్కడ ఆగిపోయింది.

"ఏమైందాంటీ?" అంది గ్రేస్.

"దీన్ని అడిగినమా గ్రేస్?"

ఆ పిల్ల నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు తేలికగా ఉండేది. "పిల్లల్ని కంటవా అని మాత్రం దాన్ని ఎవరడుగుతరాంటీ? గల్లీల కుక్కలు అడుగుతయా? మొన్న మూల మీద నల్లకుక్క ఏడు పిల్లల్ని పెట్టింది. ఒక్కటన్న ఉన్నదా ఇప్పుడు? ఆటో కింద పడ్డ రెండింటిని నేనే ఎత్తిన, ఈ చేతులతోని" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల ఒళ్ళో తల పెట్టుకుని కుక్క నిద్రపోతున్నది. "జర ఆగు బిడ్డా, ఇప్పుడే వస్త" అని బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. లోపలి నుంచి ఫినాయిలు వాసన, తడిసిన బొచ్చు వాసన వస్తున్నాయి. ఆ వాసన వల్లనే మా సత్తెమ్మత్త గుర్తుకొచ్చిందని చెబితే అబద్ధం. ఆమె పొద్దున్నుంచే గుర్తుకొస్తున్నది. నేనే పక్కకు నెడుతున్నాను.

సత్తెమ్మత్త మా బాపుకు అక్క. అత్తగారింటి నుంచి, నేను పుట్టకముందే, ఒక ట్రంకుపెట్టెతో తిరిగివచ్చేసింది. ఎందుకు వచ్చిందో మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఆమెకు పిల్లలు లేరని, మామయ్య అనే మనిషి ఇంకొకామెను తెచ్చుకున్నాడని మాత్రం మాకు తెలుసు. మాది పాల వ్యాపారం. ఇప్పుడు నేనుంటున్న ఈ జాగాలోనే అప్పుడు ముందు రెండు గదుల పెంకుటిల్లు, వెనక ఐదు బర్రెల కొట్టం, కొట్టాన్ని ఆనుకుని గడ్డి వేసుకునే చిన్న గది ఉండేవి. ఇల్లంతా నానబెట్టిన తెలగపిండి వాసన, పేడ వాసన, పాలు పొంగి పొయ్యిలో పడ్డ కమురు వాసన. నేను పెద్దదాన్ని. నా వెనక ఇద్దరు తమ్ముళ్ళు, ఒక చెల్లె. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా అమ్మ చంకలో ఒకరో, కడుపులో ఒకరో ఉంటూనే ఉండేవారు. నాకు ఆమె దగ్గర చోటు దొరికేది కాదు. ఆ చోటు నేను అత్త దగ్గర వెతుక్కున్నాను.

అత్త ఉస్మాన్‌గంజ్‌లో ఒక మిర్చి దుకాణంలో ఎండు మిరపకాయల తొడిమెలు తీసే పనికి పోయేది. పొద్దున్నే నలుగురాడవాళ్ళతో కలిసి నడుచుకుంటూ నయాపూల్ దాటి, అఫ్జల్‌గంజ్ సందడిలోంచి అటు పోయి, సాయంత్రం అదే దారిన తిరిగివచ్చేది. ఆమె గడపలో కాలు పెట్టిందంటే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి తుమ్ములు. "ముందుగాల తానం చెయ్యి వదినా, పిల్లలకు కండ్లు మండుతయి" అని అమ్మ లొల్లి పెట్టేది. నేను ఆగేదాన్ని కాదు. ఎదురుపోయి ఆమె పొట్టలో మొహం దాచుకునేదాన్ని. కళ్ళు మండి నీళ్ళు కారేవి, ముక్కు ఎర్రబడేది. ఆ మంట నాకు ఇష్టం. తమ్ముళ్ళు దూరంగా ఉరికేవాళ్ళు కనుక ఆ మంట నా ఒక్కదానిది. తర్వాత ఆమె మజ్జిగతో చేతులు రుద్దుకుని, నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వేది. ఎంత రుద్దినా వేళ్ళలో కారం కొంచెం మిగిలే ఉండేది. నెత్తి చురుక్కుమనేది. కొంగు ముడి విప్పి చింతపండు, ఉప్పు కలిపిన ఉండ నా నోట్లో పెట్టి, "తిను బిడ్డా" అనేది. బిడ్డా అన్న మాట ఆమె ఇంకెవరినీ అనేది కాదు. తమ్ముళ్ళను పేర్లు పెట్టి పిలిచేది. చెల్లెను పోరీ అనేది. బిడ్డను నేనే.

ఒకరోజు సాయంత్రం ఎదురుపోతే ఆమె కొంగు బరువుగా వేలాడుతున్నది. అందులో ఒక కుక్కపిల్ల. ఎర్రమట్టి రంగు. వెనక కాలు ఒకటి వంకరగా వేలాడుతున్నది. నేను ఎప్పట్లా అత్త పొట్టను పట్టుకోబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు, దానికి తాకుతది. దాని మీద మిర్చి బస్తా పడ్డది పాపం, హమాలీలు సూసుకోలే" అంది. అక్కడే కొట్టం అరుగు మీద కూర్చుని, పసుపు, నూనె తెమ్మని నాకే పని చెప్పి, గుడ్డపీలికతో దాని కాలికి కట్టు కట్టింది. అది కుయ్యిమంది. అప్పుడు అత్త దాని నుదుటి మీద బొటనవేలు పెట్టి, "అయిపాయె బిడ్డా, అయిపాయె" అంది.

నేను పసుపు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. పదకొండేళ్ళ పిల్లను. అప్పటిదాకా ఆ మాట నాదే.

లాలి అని పేరు పెట్టింది దానికి. కట్టు విప్పాక కుంటి నడకతోనే అత్త వెంట గల్లీ మలుపు దాకా పోయేది, సాయంత్రం అదే మలుపులో కూర్చునేది. నేను గడపలో ఎదురుచూసేదాన్ని, అది మలుపులో ఎదురుచూసేది. కనుక ప్రతి సాయంత్రం అత్త ముందు దానికి దొరికేది, తర్వాత నాకు. నా తల దువ్వుతుంటే అది వచ్చి ఆమె మోకాలికి ఆనుకునేది. దువ్వెన ఒక చేతిలో ఉండేది, రెండో చెయ్యి దాని చెవుల మధ్య ఉండేది. నేను దాన్ని గిల్లాను. తోక తొక్కి, చూడలేదన్నాను. ఒకసారి రొట్టెముక్కలో కారం పెట్టి తినిపించాను. అది దగ్గి దగ్గి, నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి నా చెయ్యి నాకింది. అలా నాకినందుకు నాకు మరింత కోపం వచ్చింది.

మరుసటేడు లాలి ఆరు పిల్లల్ని పెట్టింది, గడ్డి గదిలో. కళ్ళు తెరిచి నడక నేర్చాక రెండు బర్రె కాళ్ళ కింద పడి పోయాయి. ఒకదాన్ని రోడ్డు మీద లారీ తొక్కింది. మిగతావాటికి అత్త ఇల్లిల్లూ తిరిగి చోటు వెతికింది. ఆరు నెలలు తిరిగేసరికి మళ్ళీ ఐదు. ఈసారి బాపు ఊరుకోలేదు. ఆయన చెడ్డమనిషి కాదు. పాలకు వచ్చేవాళ్ళు కొట్టంలో కుక్కపిల్లలేమిటని మొహం చిట్లిస్తున్నారు, గల్లీలో పిల్లలను కరుస్తాయేమోనని పక్కవాళ్ళు తగువుకు వస్తున్నారు. అత్త పనికి పోయిన పూట ఐదింటినీ గోనెసంచిలో వేసి, సైకిలు మీద చాంద్రాయణగుట్ట దాటి ఎక్కడో వదిలేసి వచ్చాడు. వచ్చి అన్నం ముందు కూర్చుని, తినకుండా లేచిపోయాడు.

లాలి మూడు రోజులు తిరిగింది. గడ్డి గదిలోకి పోతుంది, గడ్డి తవ్వుతుంది, బయటికి వస్తుంది, ప్రతి బర్రె కిందా వాసన చూస్తుంది, మళ్ళీ గదిలోకి పోతుంది. పాలు దిగి పొట్ట కింద రాయిలా గట్టిపడి, నడుస్తుంటే నేలకు చుక్కలు రాలేవి. అత్త పని మాని చాంద్రాయణగుట్ట వైపు రెండు రోజులు వెతికింది, దొరకలేదు. ఇంటికి వచ్చి తడిగుడ్డతో దాని పొట్ట ఒత్తుతూ కూర్చునేది. బాపుతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ నా తల దువ్వలేదు. చిక్కులు పడిన జడతో బడికి పోయి, ఎవరడిగినా "మా అత్తకు కుక్క ఎక్కువ" అని చెప్పాను.

ఆ రోజుల్లోనే బర్రెలకు సూదులు వేయడానికి పశువుల దవాఖాన నుంచి ఒక కాంపౌండరు వచ్చేవాడు. అందరూ కాంపౌండర్ సాబ్ అనేవారు. లాలిని చూసి బాపుతో, "దీన్ని దవాఖానకు తోలుకరా భాయ్. చిన్న ఆపరేషన్. పిల్లలు కావు, ఇగ నీకు ఫికర్ ఉండది" అన్నాడు. బాపు తల ఊపాడు. కుడితి తొట్టి దగ్గరున్న అత్త తిరిగి చూసింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

"నా పానం ఉండంగ దాని కడుపు మీద కత్తి పడనియ్య."

"అక్కా, ఇను..."

"అడిగినవా దాన్ని? నీకు నోరున్నదని దానికి లేదనుకున్నవా? దాన్ని కొయ్యాలంటె ముందుగాల నన్ను కొయ్యి. ఇంకా ఏమన్న మిగిలుంటె." ఈ చివరి మాట నాకు అర్థం కాలేదు. బాపుకు అయింది. ఆయన తల దించుకున్నాడు. తల ఎత్తకుండానే, "సరే. కాని ఇంకొక్కపాలి పిల్లలైతే మాత్రం కుక్క ఈ ఇంట్ల ఉండది. ఇది నా మాట" అన్నాడు.

అందుకని లాలికి మళ్ళీ ఎద వచ్చినప్పుడు, గల్లీలోని మగకుక్కలన్నీ మా గోడ చుట్టూ చేరినప్పుడు, అత్త దాన్ని గడ్డి గదిలో పెట్టి బయట గొళ్ళెం వేసింది. నీళ్ళు, తిండి లోపలే. పనికి పోయేముందు గొళ్ళెం రెండుసార్లు లాగి చూసుకునేది. అది లోపల తలుపు గీకుతూ ఏడ్చేది. మళ్ళీ వచ్చిన కాంపౌండర్ సాబ్ ఆ ఏడుపు విని, "అమ్మా, కోపం చేయకు. గొళ్ళెం పెట్టమని కూడ అది అడగలే కదా" అన్నాడు. అత్త పోయి గొళ్ళెం మళ్ళీ ఒకసారి లాగి చూసుకుంది. ఆ వారమంతా ఆమె సాయంత్రం రాగానే గడప దగ్గర నన్ను దాటుకుని నేరుగా గడ్డి గదిలోకి పోయేది. లోపల దానితో చాలాసేపు ఏదో మాట్లాడుతూ ఉండేది. చింతపండు ఉండలు కొంగులోనే ఎండిపోయాయి.

బాపు అన్న మాట నా చెవుల్లో ఉంది. ఇంకొక్కసారి పిల్లలైతే కుక్క ఉండదు. లెక్క చాలా తేలిక. ఒక మధ్యాహ్నం అమ్మ చెల్లెకు పాలిస్తూ కునుకు తీసింది. బాపు గడ్డి కొనడానికి పోయాడు. నేను పోయి గొళ్ళెం తీశాను. తలుపు తోయలేదు, అదే తోసుకుంది. నా కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయింది. పోతూ పోతూ నా మోకాలు నాకింది.

రెండు గంటల తర్వాత దానంతట అదే వచ్చి గదిలో పడుకుంది. గొళ్ళెం వేశాను. ఎవరికీ తెలియలేదు. నెల గడిచాక దాని పొట్ట దిగింది. అత్త దాని పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూసి, చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. గొళ్ళెం సరిగ్గా పడలేదేమోనని తనను తానే తిట్టుకుంది. అన్న మాట ప్రకారం బాపు కుక్కను వదిలేస్తాడని నేను ఎదురుచూశాను. అక్క మొహం చూసి ఆయన, "ఈనినంక సూద్దాం" అన్నాడు.

నొప్పులు మొదలైన రోజు అత్త పనికి పోయింది. పొద్దున పదింటి నుంచి లాలి మూలిగింది, పిల్ల రాలేదు. ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి అది లేవలేక పక్కకు పడిపోయింది. నాలుక పాలిపోయింది. అమ్మ చూసి, "ఇది బతుకది. ఉరుకు, అత్తను పిల్చుకరా" అంది. నేను కదల్లేదు. అప్పటిదాకా కుక్క పోవాలని ఎన్నిసార్లు కోరుకున్నానో నాకే తెలుసు. ఇప్పుడు పోతున్నది. గడ్డి మీద దాని పొట్ట ఎగిరెగిరి పడుతుంటే అది నా వైపు చూసింది. అప్పుడు ఉరికాను. చెప్పులు కూడా లేకుండా, చార్మినారు కింది నుంచి, నయాపూల్ మీది నుంచి, అఫ్జల్‌గంజ్ బస్సుల మధ్య నుంచి ఉస్మాన్‌గంజ్ దాకా. మిర్చి కుప్పల మధ్య కూర్చున్న ఆడవాళ్ళందరూ మొహాలకు గుడ్డలు కట్టుకుని ఒకేలా ఉన్నారు. "అత్తా" అని అరిచాను. ఘాటుకు గొంతు పట్టుకుపోయింది. ఒకామె లేచి నిలబడింది.

ఇంటికి ఉరికివచ్చి అత్త లాలిని ఎత్తుకుంటే, రిక్షా ఆయన కుక్కను ఎక్కించుకోనన్నాడు. అత్త అతని ముందు నిలబడి, "మా ఇంట్ల మనిషి భాయ్" అంది. అతను ఒక్క క్షణం చూసి, "బైఠో అమ్మా, జల్దీ బైఠో" అన్నాడు. పశువుల దవాఖానలో ఉన్న డాక్టరు కోస్తా నుంచి వచ్చిన నడివయసు మనిషి. లాలి పొట్ట నొక్కి చూసి లేచాడు.

"పిల్ల అడ్డం తిరిగిందమ్మా. లోపల ఏదీ బతికున్నట్టు లేదు. కోసి తీయాలి. గర్భసంచి కూడా తీసేయాలి, లేకపోతే ఇది బతకదు. ఇక దీనికి పిల్లలు పుట్టరు. మీకు సమ్మతమేనా?"

అత్త ఆయన మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది.

"నన్ను అడుగుతున్నరా సారు?"

"మీ కుక్కే కదమ్మా. మిమ్మల్ని కాక ఎవరినడుగుతాను?"

"జర ఆగుండ్రి. దానికొక మాట చెప్పొస్త."

బల్ల మీద పడుకోబెట్టిన లాలి చెవి దగ్గర ఒంగింది. నేను పక్కనే ఉన్నాను. నన్ను చూసినట్టు కూడా లేదు. "బిడ్డా, ఇను" అంది. "నీ కడుపుల పిల్లలు పోయినయంట. కోసి తీస్తరంట. సంచి గూడ తీస్తరు. ఇగ నీకు పిల్లలు కారు. సూదేస్తరు, నిద్ర పడతది. లేసినంక మస్తు నొస్తది. నేను ఈడనే ఉంట. నాకు ఎవ్వలు చెప్పలే బిడ్డా, అందుకే చెప్తున్న. కడుపునొప్పి అంటె తోలుకపోయిండ్రు. నా అత్త, నా మొగడు మాట్లాడుకున్నరు, ఆయిన సంతకం పెట్టిండు. లేసేటాళ్ళకు కుట్లున్నయి. గడ్డ తీసిండ్రన్నరు. అటెన్క నాకు నెల తప్పింది. రెండు నెలలు, మూడు నెలలు. కడుపైందని మొక్కులు మొక్కిన, చింతకాయ తిన్న. పక్కింటి మంత్రసాని చెప్పింది, పిచ్చిదానా, నీకు సంచే లేదని." లాలి నుదుటి మీద బొటనవేలు పెట్టి నొక్కింది. ఆ బొటనవేలినే పోయి సిరాలో అద్ది, కాగితం మీద వేసింది.

నాలుగు పిల్లలు, నాలుగూ చనిపోయినవే తీశారు. లాలి బతికింది. ఆ మధ్యాహ్నం దవాఖాన వరండాలో నాకు చాలా సంగతులు ఒక్కసారిగా తెలిశాయి. ఎవరైనా ఆ క్షణాన జాలిపడతారు, సిగ్గుపడతారు. నేనూ పడ్డాను. కాని ఇది జ్ఞాపకం రాసుకోవడం కనుక పూర్తిగా రాయాలి. నాకు అప్పుడు కలిగిన వాటన్నిటిలోకి పెద్దది అసూయే. అత్త తన కడుపులోని మాట నాకు చెప్పలేదు. కుక్కకు చెప్పింది. ఆమెకూ దానికీ ఒకే చోట కుట్లున్నాయి. ఇంటికి వచ్చాక పది రోజులు అత్త దాని పక్కనే గడ్డిలో పడుకుని, కుట్లకు వేపాకు నీళ్ళు అద్దుతుంటే, నేను గడపలో కూర్చుని నా పొట్ట తడుముకునేదాన్ని. నాకూ అక్కడొక కుట్టు ఉంటే బాగుండునని కోరుకున్నాను. అంత పిచ్చి కోరిక తర్వాత జన్మలో ఎన్నడూ కోరలేదు.

లాలి చాలా ఏళ్ళు బతికింది. లావెక్కింది. ఎండలో వెల్లకిలా పడుకుని నిద్రపోయేది. మగకుక్కలు గోడ చుట్టూ చేరడం, గడ్డి తవ్వుకోవడం, పాలు కట్టి ఏడవడం, అవన్నీ ఆగిపోయాయి. ఒకసారి కాంపౌండర్ సాబ్ దాని పొట్ట నిమిరి, "ముందుగాలనే చేయిస్తే ఇంత తక్లీఫ్ ఉండకపోవు కదమ్మా" అన్నాడు. అత్త ఒప్పుకుంది. "అవు సాబ్. దానికి మంచే అయింది. నాకు గూడ మంచికే తీసిండ్రేమో, ఎవరికెరుక. తీసుడు కాదు సాబ్ నాకు మండేది. చెప్పకపోవుడు" అంది.

గొళ్ళెం సంగతి ఆమెకు చెప్పడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. అప్పటికి లాలి లేదు, కొట్టం లేదు, బర్రెలు అమ్మేశాము. అత్త మంచం పట్టింది. నేను ఆఫీసు నుంచి వచ్చి ఆమె తల దువ్వుతున్నాను. పలచబడిన జుట్టు నా వేళ్ళకు అందడం లేదు. వెనక కూర్చున్నాను కనుక ఆమె మొహం కనబడదు. ఆ ధైర్యంతో చెప్పేశాను.

"ఎరుకనే" అంది.

"ఎట్ల?"

"ఆ దినం నీ లంగకు దాని ఎర్రబొచ్చు. దాని దగ్గరికి ఎన్నడు పోయినవు గనుక నువ్వు?"

"మరి కొట్టలేదేందత్తా నన్ను?"

"కొడితె నువ్వు దాన్ని ఇంకింత కొట్టకపోదువా?" కొంతసేపు ఊపిరి తీసుకుంది. "లోపలేసింది నేను. ఇడిసింది నువ్వు. అది ఏమనుకున్నదో మనిద్దరికి తెల్వదు బిడ్డా." ఆమె చివరి రోజుల్లో నన్ను బిడ్డా అన్న సందర్భాల్లో నాకు గుర్తున్నది అదొక్కటే. ఆ మాటలో నాతో పాటు ఇంకొకరున్నారని అప్పుడూ తెలుసు.

బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. గ్రేస్ వచ్చి పక్కన నిలబడి, "వద్దంటే పోదామాంటీ" అంది మెల్లగా. వద్దని చెప్పడానికి నాకు కారణం దొరకలేదు. మోరీలోంచి తీసింది మనం, వాకిట్లో కట్టేసింది మనం, ఎవరితో తిరగాలో ఎప్పుడు తినాలో తేల్చింది మనం. ఇన్ని తేల్చి, ఈ ఒక్కదాని దగ్గర దాని ఇష్టం అని చేతులు దులుపుకుంటే, రేపు ఆటో చక్రం కింద పిల్లలను ఎత్తేది గ్రేస్. కాని సమ్మతమే అని రాసిన చోట, సమ్మతించేది నేను, కోసేది దాన్ని. ఆ తేడా నాకు ఈ రోజుకీ గొంతు దిగలేదు. దిగకుండానే సంతకం పెట్టాను. "నువ్వు గూడ పెట్టు" అని గ్రేస్‌కు పెన్ను ఇచ్చాను. ఆ అమ్మాయి నా పేరు కింద తన పేరు రాసింది. యజమాని అన్న చోట ఇద్దరి సంతకాలు చూసి కౌంటర్లో కుర్రవాడు రెండు పేర్లూ రిజిస్టరులో రాసుకున్నాడు.

సాయంత్రానికి ఇంటికి తెచ్చుకున్నాము. నొప్పికి మందు ఇచ్చారు, కుట్లు నాకకుండా మెడకు ప్లాస్టిక్ గొట్టంలాంటిది తొడిగారు, ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో కాగితం మీద రాసిచ్చారు. వాకిట్లో మెత్తటి బొంత పరిచి నేను సిద్ధంగా ఉన్నాను. అది బొంతను వాసన చూసి, తూలుతూ, ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి ఎక్కి, గ్రేస్ గుమ్మం ముందు పడుకుంది.

మర్నాడు పొద్దున నా ఫోను మోగింది. దవాఖాన నుంచి ఎవరో అమ్మాయి. "కుకీ ఎట్లున్నది మేడమ్? పాలు తాగిందా? నిద్ర పోయిందా? నొప్పితోని ఏడ్చిందా?" అని ఒక్కొక్కటీ అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాను. "రేపు మళ్ళ చేస్త మేడమ్, ఫికర్ చేయకుండ్రి" అని పెట్టేసింది. నేను ఫోను పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఎట్లున్నావు, నిద్ర పోయినావా, నొప్పి ఉందా. ఇంత చిన్న మాటలు. కుట్లతో ఇంటికి వచ్చి, నెల తప్పిందని చింతకాయ తింటూ కూర్చున్న ఆ ఇరవయ్యేళ్ళ పిల్లను ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఈ మాట అడగలేదు. నా ఈడు మనిషికి మళ్ళీ ఒక కుక్కను చూసి కడుపు మండింది. ఈ మంట నా కోసం మాత్రం కాదు.

పాలు వెచ్చజేసి గిన్నెలో పోసుకుని మెట్లెక్కాను. గ్రేస్ ఆఫీసుకు పోలేదు, దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది ఒక కన్ను తెరిచి నన్ను చూసింది, తోక ఊపలేదు.

"ఫోన్ చేసిండ్రాంటీ?"

"చేసిండ్రు" అన్నాను. "జర అటు జరుగు."

గ్రేస్ జరిగింది. నేను ఆ మెట్టు మీదే కూర్చుని, గిన్నె దాని మూతి దగ్గర పెట్టి, తాగేదాకా పట్టుకున్నాను.